తువ్వాల కింద ధరను పైకి అరిచిన సారు

మీరు ఆయన్ను దొంగ అన్నారు. ఇది చదువుతున్న మిమ్మల్నే అంటున్నాను, పక్కకు చూడొద్దు. బస్టాండులో టీ గ్లాసు చేత పట్టుకొని, గోడకు అంటించిన కరపత్రం చదివి, "చూస్తివా, ఈయప్ప కూడా అంతేనంట" అని నవ్వుకుంటా బస్సెక్కినారు. ఒక్కరు పోయి ఆయన్ను అడగలేదు. ఒక్కరు టమాటా పెట్టె దించిన రైతును అడగలేదు. ఆ కరపత్రం రాసింది నేను. కాబట్టి నా తప్పు మీ తప్పుకంటే పెద్దది, దాని సంగతికి వస్తాను. కానీ నమ్మింది మీరు. నమ్మడానికి మీకు ఒక నిమిషం కూడా పట్టలేదు.

పోయిన మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఆయన పోయినాడు. కర్నూలు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి నాలుగు రోజులైంది. మా వీధి చివర, నీళ్ల ట్యాంకు పక్కింట్లో, మంచం మీద కూర్చొని కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లనే వెనక్కి ఒరిగినాడంట. "కష్టపడలేదప్పా, గ్లాసు కూడా ఒలకలేదు" అని ఆయన భార్య నాతో చెప్పింది. విన్నప్పుడు నాకు ఏడుపు రావాల. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు ఒక పెద్ద ఊపిరి వచ్చింది. అమ్మయ్య, చెప్పాల్సింది చెప్పేసినాను, ఆయన విన్నాడు, ఊరు విన్నది, ఆ తర్వాతే పోయినాడు అని. చావు ఇంటి వాకిట్లో నిలబడి ఇట్లా అనుకోవడం మర్యాద కాదంటారేమో. మర్యాద కోసం నేను ఎన్నడూ రాయలేదు.

ఆయన మా ఊరి మార్కెట్ కమిటీలో సూపర్వైజరుగా పనిచేసినాడు. మాది డోన్ రోడ్డు మీద ఊరు. చుట్టుపక్కల పల్లెల టమాటా అంతా ఇక్కడికే వస్తుంది. కమిటీకి గోడ కట్టిన యార్డు ఉండేది, దాంట్లో షెడ్డు కూడా ఉండేది. కానీ వేలం మాత్రం రోడ్డు మీద జరిగేది, మండీల ముందర. ఒక పక్క లారీలు పోతుంటే ఇంకో పక్క తారు అంచున పెట్టెలు పేర్చి పాట పెట్టేవాళ్లు. యార్డులోకి పోతే లెక్కాచారం రాయాల, కాంటా వేయాల, ఆఫీసు మనిషి చూస్తాడు. రోడ్డు మీద ఎవరు చూస్తారు?

ఆ వేలంలో ఒక వాడుక ఉండేది. వ్యాపారి వచ్చి మండీ యజమాని చేతిలో చెయ్యి పెడతాడు. ఆ రెండు చేతుల మీద ఒక తువ్వాల కప్పుతారు. లోపల వేళ్లు పట్టి, నొక్కి, ధర చెప్పుకుంటారు. పైకి ఒక్క మాట రాదు. ముగ్గురు నలుగురు వ్యాపారులు అట్లా చేతులు కలిపి పోయినాక, మండీ యజమాని తువ్వాల భుజాన వేసుకొని, "ఏమప్పా, నీ సరుకు పోయింది" అంటాడు. ఎంతకు పోయిందో రైతుకు తెలీదు. సాయంత్రం మండీలో చీటీ చేతికి వచ్చినప్పుడు తెలుస్తుంది. తువ్వాల కింద చెప్పిన ధరా, చీటీలో రాసిన ధరా ఒకటేనా అని అడిగేదానికి సాక్షి ఎవరు? తువ్వాలే.

చట్టం దీన్ని ఒప్పుకోదు. బహిరంగ వేలం అంటే బహిరంగంగా జరగాల. చోటు ముందే తెలియాల, సమయం ముందే తెలియాల, పాడిన ధర పైకి వినపడాల, కమిటీ మనిషి సమక్షంలో జరగాల, ధర నచ్చకపోతే రైతు "ఇయ్యను" అని సరుకు తిరిగి ఎత్తుకోవచ్చు. రోడ్డు నడిచేదానికి ఉంది, దాని మీద అంగడి పెట్టి పాట పెట్టకూడదు. ఇవన్నీ కాగితం మీద చక్కగా ఉన్నాయి. కాగితం ఆఫీసు బీరువాలో ఉండేది. దాన్ని బీరువాలోంచి తీసి చదివినవాడు మా ఊర్లో ఆయన ఒక్కడే.

చదవడమంటే ఊరికే కాదు. ప్రతి సోమవారం పొద్దున వేలానికి ముందు, రోడ్డు అంచున ఒక ఖాళీ పెట్టె బోర్లించి, దానిమీద ఎక్కి నిలబడి, నిబంధనలు ఒకటి తర్వాత ఒకటి తెలుగులో గట్టిగా చదివేవాడు. హమాలీలు నవ్వేవాళ్లు. "సార్, సుప్రభాతం అయిపోయిందా, పెట్టెలు దించుకుంటాం" అని ఒకడు అంటే, "ఇంకా నాలుగుండాయి, నిలబడి విను, నీకూ పుణ్యమే" అని ఆయన. మండీ యజమానుల్లో పెద్దాయన, తెల్ల చొక్కా మడత నలగని మనిషి, ఒకసారి దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడంట: "సారూ, ఈ తువ్వాల మా తాతల నాటిది." ఈయన అంతే నెమ్మదిగా, "అట్లయితే ఒకసారి ఉతికి ఆరెయ్యప్పా, ఎండ బాగుండాది" అన్నాడు.

వేలం ఆపించే బలం ఆయనకు లేదు. ఆపితే వ్యాపారులు కొనడం మానేస్తామంటారు, సాయంత్రానికి టమాటా మెత్తబడిపోతుంది, నష్టం రైతుకే. అది తెలిసినవాడు కాబట్టి ఆయన ఒక ఉపాయం పట్టినాడు. కమిటీ మనిషి సమక్షంలో అని కదా నిబంధన? "సమక్షం అంటే కండ్లతో చూడ్డం. తువ్వాల కప్పితే కండ్లతో యాడ చూసేది? చేత్తోనే చూడల్ల" అనేవాడు. చిన్నప్పుడు వాళ్ల నాయనతో ఎద్దుల సంతలకు తిరిగి ఆ వేళ్ల లెక్క నేర్చుకొని ఉన్నాడు. అందుకని మండీ యజమానీ, వ్యాపారీ చేతులు కలిపినప్పుడల్లా ఈయన పోయి తన చెయ్యి కూడా తువ్వాల కింద దూర్చేవాడు. వేళ్లు తడిమి, ధర తెలుసుకొని, చెయ్యి బయటికి లాగి, రైతు వైపు తిరిగి పెద్దగా అరిచేవాడు: "పెట్టె మూడు నూర్లా ఇరవై! ఒకటోసారి! ఏమమ్మా, ఇస్తావా? రెండోసారి!" వ్యాపారి మొహం మాడిపోయేది. రైతు నోరు తెరుచుకుని చూసేవాడు. తన పంట ధర తనకు వినపడడం అదే మొదటిసారి మరి.

ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నేను రోడ్డుకు అవతల ఉన్నాను.

పదకొండేళ్ల కిందటి మాట. అవతల పక్క టీ అంగట్లో కూర్చొని మార్కెట్ దోపిడీ మీద నోట్సు రాసుకుంటున్నాను. మధ్యలో సిమెంటు లారీలు వరసగా పోతున్నాయి. ఒక లారీకీ ఇంకో లారీకీ నడుమ సందులోంచి నాకు కనపడింది: తువ్వాల కింద రెండు చేతులు, మూడోది సూపర్వైజరుది. ప్రభుత్వ ఉద్యోగి చెయ్యి! మళ్లీ లారీ అడ్డం వచ్చింది. అది పోయేసరికి ఆయన చెయ్యి బయటికి వచ్చి ఉంది. ఆయన నోరు తెరిచి ఏదో అంటున్నాడు, హారన్ల మోతలో ఏమీ వినపడలేదు. పోయి వినాలని నాకు తోచలేదు. ఇరవై అడుగుల రోడ్డు. జనం కోసం కొట్లాడుతున్నానని ఛాతీ విరుచుకొని తిరిగేవాణ్ని, ఇరవై అడుగుల రోడ్డు దాటలేదు.

ఆ పొద్దే రాసినాను. "తువ్వాల కింద మూడో చెయ్యి ఎవరిది?" అని పెద్దక్షరాల్లో. పేరు పెట్టలేదు, హోదా పెట్టినాను, హోదా ఒక్కరిదే కదా. ఇంకొక దరిద్రం కూడా రాసినాను. ఆయన ఇంటికి కావాల్సిన టమాటా మా వీధిలో బండి మీద కొనేవాడు. మార్కెట్లో పనిచేసే మనిషి, చుట్టూ పెట్టెలే, అయినా చిల్లర ఇచ్చి బండి కాడ అర్ధకిలో కొనేవాడు. బండి ఆమె కూడా ఎగతాళి చేసేది: "సారూ, మీరే అమ్ముకోవల్ల, మా కాడ కొనేదేంది?" ఆయన నవ్వి, "ఆడ ఒకటి జేబులో వేసుకుంటే రేపు నోరు ఎత్తేదానికి ఉండదమ్మా" అనేవాడు. నేను దాన్ని కూడా "బండి దగ్గర నాటకం" అని రాసినాను. నిజాయితీ మనకు ఎంత వింత అయిపోయిందంటే, కండ్ల ముందర కనపడితే వేషం అనుకుంటాం.

కరపత్రం రెండు రోజుల్లో అయిపోయింది. మూడో రోజు మళ్లీ కొత్త కట్టలు బస్టాండులో కనపడినాయి. జనమే చందాలు వేసుకొని అచ్చు వేయించినారని నేను ఉబ్బిపోయినాను. వేయించింది మండీలవాళ్లు. నా రాత నాకు తెలీకుండా వాళ్ల చేతి కర్ర అయింది. నెల తిరక్కముందే సారుకు మైదుకూరు వైపు ఎక్కడో చెక్‌పోస్టుకు బదిలీ వచ్చింది. ఆ కాగితంలో "ఆరోపణల దృష్ట్యా" అని ఒక మాట రాసినారు. విచారణ లేదు, సంజాయిషీ లేదు. ఆ మాట మాత్రం మిగిలింది. ఇంకోటి కూడా మిగిలింది: "తువ్వాల సారు" అనే పేరు. ఆయన సెలవుకు ఊరికి వచ్చినప్పుడు బస్సు దిగుతుంటే కండక్టరు కూడా అట్లనే పిలిచేవాడు. మీరూ పిలిచినారు. ఆయమ్మ నీళ్లకు కొళాయి కాడికి పోతే, తువ్వాల సారు భార్య అని జరిగి చోటిచ్చినారు, మర్యాదకు కాదు.

నాకు నిజం తెలిసింది ఒక రైతు సభలో. నేను మాట్లాడుతున్నాను, ఎప్పటిలాగే ఆవేశంగా, ఉదాహరణకు ఆ మూడో చెయ్యి కథ మళ్లీ ఎత్తుకున్నాను. వెనక వరసలోంచి ఒకామె లేచింది. రెండెకరాల్లో టమాటా వేసే మనిషి, చెంగు నడుముకు దోపుకొని ఉంది.

"ఏమప్పా, ఆ సారు సంగతేనా నువ్వు చెప్తాండేది?"

"అవునమ్మా."

"ఆ సారు చెయ్యి పెట్టిన పొద్దే నా టమాటాకు ధర ఎంతో నా చెవిన పడింది. పెండ్లయినప్పటి నుంచీ పండిస్తాండా, ఒక్కనాడూ వినింది లేదు. ఆయప్ప పోయినాక మళ్లీ తువ్వాల వచ్చె. ఆ పొద్దు నువ్వు యాడుంటివి?"

"రోడ్డుకు అవతల."

"ఆడ్నే ఉండు. మాకాడికొచ్చి చెప్పొద్దు."

సభ అంతా నవ్వింది. నేను మైకు ముందర నిలబడి ఉన్నాను. నోట్సు చేతిలోనే ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకొని మైకు కాడి నుంచి దిగినాను.

తెలిసిన వెంటనే పరిగెత్తి పోయి కాళ్లు పట్టుకున్నానని రాస్తే బాగుంటుంది. పోలేదు. ఊరందరి తప్పులు ఎత్తి చూపే వృత్తి నాది, నా తప్పు కాడికి వచ్చేసరికి రెండేళ్లు పట్టింది. ఈలోపు ఆయన రిటైరై వచ్చినాడు, మా వీధిలోనే సాయంత్రం పూట నడిచేవాడు, నేను ఎదురుపడకుండా వెనక సందులోంచి ఇంటికి పోయేవాణ్ని. గుండె జబ్బు అని తెలిసింది. మొన్న ఎండాకాలంలో ఒకసారి ఆసుపత్రికి పోయి వచ్చినాడని తెలిసింది. అప్పుడు భయం పట్టుకుంది. ఈయన ఇట్లనే పోతే? ఆ పేరుతోనే పోతే? నేను చచ్చేదాకా దాన్ని మోయాల్సిందే, దించుకునే చోటు ఉండదు.

రెండు నెలల కిందట ఒక పొద్దున పోయినాను. ఆయన వరండాలో కూర్చొని ఉడకబెట్టిన శెనక్కాయ బుడ్డలు ఒలుచుకుంటున్నాడు. తొక్కలు ఒక పక్క, గింజలు ఒక పక్క, అన్నీ ఒలిచినాకే తినడం ఆయన అలవాటు. నన్ను చూసి కుర్చీ చూపించినాడు. నేను కూర్చోకుండా మొత్తం చెప్పేసినాను. కరపత్రం రాసింది నేనని ఆయనకు మొదటి రోజు నుంచే తెలుసంట. "నీ రాత నాకు తెల్దా? ప్రతి వాక్యానికీ ఆశ్చర్యార్థకం" అన్నాడు.

"తప్పయింది సార్. నన్ను మన్నించండి."

ఆయన ఒక బుడ్డ ఒలిచినాడు. "ఎవురికప్పా ఇది వినపడేది?"

"మీకు సార్."

"నాకు తెలిసిందే కదా. నువ్వు నన్ను తిట్టింది బస్టాండులో. ఇప్పుడు ఇంటికొచ్చి గొంతు తగ్గించి చెప్తాండావు. ఇది కూడా తువ్వాల కిందే అయితాండాదే. బైట చెప్పు."

"ఎక్కడ చెప్పమంటారు?"

"ముందురోజు యార్డు బోర్డు మీద రాయి, ఫలానా టయానికి ఫలానా మనిషి ఈ మాట చెప్తాడని. వేలం జరిగే చోట చెప్పు. మూడుసార్లు చెప్పు. ఎవురికైనా అడ్డం ఉంటే మూడోసారి లోపల అడగనీ. అప్పుడు ఖాయం చేసుకుందాం."

లోపల్నుంచి ఆయమ్మ వచ్చి నవ్వింది. "ఆయప్పకు అన్నీ మూడుసార్లే నాయనా. నాకు ఇంకో గరిటె అన్నం పెట్టేదానికి కూడా మూడుసార్లు అడుగుతాడు."

"రెండుసార్లకే చాలంటే నిజంగా చాలో, మొగమాటమో ఎట్ల తెలుస్తుందే?" అన్నాడాయన.

అట్లనే చేసినాను. ఇప్పుడు వేలం చానా వరకు యార్డులోకి మారింది, రోడ్డు మీద ప్రమాదాలై కలెక్టరాఫీసు కదిలినాక. సగం మండీల్లో ధర పైకి చెప్తున్నారు. మిగతా సగంలో తువ్వాల అట్లనే ఉంది. ఆ పొద్దు షెడ్డు కింద రెండు వందల మంది ఉండొచ్చు. సారు ఒక పెట్టె బోర్లించుకొని కూర్చున్నాడు, చేతికర్ర మోకాళ్ల మీద. నేను ముందుగా రాసుకున్న కాగితం తీసి చదివినాను. ఫలానా కరపత్రం నేను రాసినాను, దాంట్లో ఉన్నది అబద్ధం, సారు చెయ్యి పెట్టింది ధర తెలుసుకొని రైతుకు చెప్పేదానికి, నేను రోడ్డు దాటి పోయి అడగలేదు, నా కరపత్రం వల్లనే సారును బదిలీ చేసినారు. ఒకటోసారి.

"గట్టిగా చెప్పప్పా!" అని అరిచింది ఆ రెండెకరాల ఆమె. రెండోసారి గట్టిగా చదివినాను.

తెల్ల చొక్కా పెద్దాయన వెనక నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ముసలాయన, కొడుకులు మండీ చూసుకుంటున్నారు. "అయిపోయిన కత ఇప్పుడెందుకప్పా" అన్నాడు, ఎవరికో చెప్పినట్టు.

సారు తల తిప్పకుండానే అన్నాడు: "మూడోసారి కాలేదు. నీకు అడ్డం ఉంటే చెప్పు, రాసుకుంటాం."

పెద్దాయన చొక్కా మడత సర్దుకున్నాడు. నేను మూడోసారి చదవబోతుంటే సారే చెయ్యెత్తినాడు. "నాది ఒక అడ్డం ఉండాది. ఈయప్ప కాగితంలో, నా కరపత్రం వల్లనే సారును బదిలీ చేసినారు అని రాసినాడు. అది కొట్టెయ్యల్ల. నన్ను తొయ్యాలని వాళ్లు ముందునుంచే చూస్తాండ్రి. ఈయప్ప అంత మొనగాడు కాడు."

షెడ్డంతా నవ్వింది. హమాలీలు నవ్వినారు, ఆమె నవ్వింది, తెల్ల చొక్కా పెద్దాయన కూడా మూతి బిగబట్టలేక నవ్వినాడు. నేను పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసి మూడోసారి చదివినాను. చదవడం అయినాక సారు చేతికర్రతో పెట్టెను ఒక దెబ్బ కొట్టినాడు. ఖాయం.

ఇంటికి నడిచి పోతుంటే ఆయన నా భుజం మీద చెయ్యి వేసుకున్నాడు, ఆయాసానికి. దారిలో ఒక్కటే మాట అన్నాడు: "నువ్వు కోపం తగ్గించుకోవద్దు. కాకపోతే రోజూ కొంచెం నడువు. కాళ్లకు పని లేకుంటే కోపం అంతా నోట్లోనే నిలబడిపోతుంది." అప్పటి నుంచి రోజూ పొద్దున యార్డు దాకా నడుస్తున్నాను. కంటితో చూసి, చెవితో విని వచ్చినాకే రాస్తున్నాను. ఈ రెండు నెలల్లో రాసింది తక్కువ. దాంట్లో వెనక్కి తీసుకోవాల్సింది ఏదీ లేదు.

మంగళవారం చావుకు పల్లెల నుంచి ట్రాలీల మీద వచ్చినారు. వాకిట్లో నిలబడ్డ ఒక పెద్దాయన తన మనవడికి చెప్తున్నాడు: "మన సరుకు ధర పైకి చెప్పిన సారు, ఈయప్పే." ఆ పాత పేరు ఒక్కరి నోట వస్తుందేమోనని సాయంత్రం దాకా చెవులు రిక్కించుకొని తిరిగినాను. రాలేదు. రెండేళ్ల నుంచి మోస్తున్నది ఏదో అప్పుడు వీపు మీది నుంచి దిగిపోయింది.

మార్కెట్ మూయించాలని కొందరు అన్నారు. ఆయమ్మే వద్దనింది. "ఎవురి టమాటా కుళ్లబెట్టి నా మొగునికి మర్యాద చేస్తారు?" అని. అందుకని వేలం జరుగుతూనే ఉంది. శవాన్ని యార్డు గోడ పక్కగా తీసుకుపోతుంటే లోపల్నుంచి ఎవరిదో కుర్రగొంతు ధర పైకి చెప్తోంది, అలవాటుగా, లోకంలో ఎప్పుడూ ఇట్లనే చెప్పినట్టు. మోసేవాళ్లలో ముందున్నవాడు ఒక్క క్షణం నిలబడి, భుజం మార్చుకొని, నడిచినాడు.

సంతాప సభ పెడదామని కమిటీవాళ్లు నన్ను అడిగినారు. దండలు వద్దు. నేను అడిగేవి ఇవి:

1. రోడ్డు మీద, రోడ్డు అంచున మిగిలిన వేలాలు ఆపాల. యార్డులో నీడ, తాగేదానికి నీళ్లు, సరైన కాంటా పెట్టి అక్కడే జరపాల.

2. వేలం మొదలయ్యే సమయం ముందురోజే బోర్డు మీద రాయాల. దానికి ముందు ఒక్క పెట్టె కూడా అమ్మకూడదు.

3. ప్రతి ధరా పైకి, మూడుసార్లు చెప్పాల. మిగిలిన సగం మండీల్లో కూడా.

4. మూడోసారి లోపల రైతు "ఇయ్యను" అంటే ఆ సరుకు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

5. అమ్మిన ధర రాసిన చీటీ అక్కడికక్కడే రైతు చేతికి ఇయ్యాల. తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో.

6. నిబంధన పాటించమన్న ఉద్యోగిని బదిలీ చేసేముందు, యార్డులో రైతులను పిలిచి అడగాల.

7. సారు బదిలీ ఉత్తర్వులోంచి "ఆరోపణల దృష్ట్యా" అన్న మాట తీసెయ్యాల. సవరించిన కాగితం పోస్టులో పంపొద్దు. సంతకం పెట్టే అధికారే వచ్చి ఆయమ్మ చేతికి ఇయ్యాల.